నల్ల పోగు కట్టిన పాట

వరంగల్ చౌరస్తల పాత పాటల కేసెట్ కొనాలంటే ఆ రోజులల్ల ఎవ్వలూ పైన బొమ్మ చూసి కొనకపోదురు. డబ్బకు ఏ రంగు నూలుపోగు కట్టి ఉన్నదో చూసి కొందురు. ఎర్ర పోగుంటే కండ్లు మూసుకొని తీసుకోవచ్చు. తెల్ల పోగుంటే ఫర్వాలేదు, నడుస్తది. నల్ల పోగు కట్టిండంటే ఇగ దాని మొఖం చూడొద్దు. ఆ పోగులు కట్టేటోడు కొత్తవాడల సాంచలు నడిపే మార్కండేయులు.

కరెంటు మగ్గాలు నడిపేటోనికి పాటల పంచాయతి ఏందని నవ్వినోళ్ళు ఉండిరి. నవ్వనీయి. ఆ నవ్వినోళ్ళే రెండు దినాలకు మళ్ళొచ్చి, "మార్కండేయులన్నా, జర ఇది విని చెప్పవా" అని కేసెట్ చేతుల పెడుదురు. ఎందుకంటె ఆ జమానల మోసం గట్లుండె. పెద్ద కంపెనీ కేసెట్ కొనాలంటే ముప్పై రూపాయలు. అదే పాతకాలం పాటను చిన్న కంపెనీలోళ్ళు యాడనో ఓ అరిగిన గ్రామఫోను ప్లేటు దొరికిచ్చుకొని, దాన్ని టేపుకు ఎక్కిచ్చి పన్నెండు రూపాయలకు అమ్ముదురు. అండ్ల కొన్ని మంచియి, చానా మటుకు దగాకోరుయి. ఒకడు ప్లేటును జోరుగ తిప్పి ఎక్కిస్తే ముసలాయన పాట చిన్నపోరి పాట లెక్క వినవడేది. ఇంకొకని టేపుల పాట వెనుక మిర్చి బజ్జీలు కాలుతున్నట్టు చిటపట చప్పుడు. ఇంకొకడు ఆ చిటపట తీస్తనని కూసుండి, దాంతోటి గొంతు గూడ తీసేసేటోడు. ముప్పై పెట్టలేనోడు పన్నెండు పెట్టి మోసపోతె వాని పానం ఎంత ఉసూరుమంటదో పన్నెండు సంపాయించుకున్నోనికే ఎరుక.

దుకాణం పాండురంగంది. తాతల నాటి సంది కిరాణం వ్యాపారం వాళ్ళది. కందిపప్పు నోట్లె వేసుకొని ఏ ఊరి పంటో చెప్తడు గాని పాట సంగతి ఆయనకేం తెల్సు? డెబ్బై ఎనిమిదిల కేసెట్ల మోజు షురూ అయితె, బియ్యం బస్తాలు ఓ పక్కకు జరిపి ఇంకో పక్క అద్దాల అల్మారి పెట్టిండు. మొదటి నెలల అమ్మిన సరుకంతా తిరిగొచ్చింది. అటెన్క మార్కండేయులు దొరికిండు.

శుక్రవారం కొత్తవాడకు కరెంటు సెలవు. సాంచలు బంద్. ఆ దినం పొద్దున్నే తలకు పోసుకొని, ఉతికిన అంగి తొడుక్కొని, జేబుల మూడు రంగుల పోగులు వేసుకొని మార్కండేయులు చౌరస్తకు వచ్చేటోడు. ముక్కాలిపీట మీద గోడ దిక్కు తిరిగి కూసుండేటోడు. ఫ్యాను బంద్ చేపిచ్చేటోడు. ఎండకాలమైనా సరే, పాండురంగం చెమటలు తుడుచుకుంట నిలవడాలె. ముందుగాల పాట వినకపోయేది. పాటకు ముందుండే ఖాళీ జాగ వినేటోడు. "సేటూ, బియ్యం కొనేటప్పుడు బియ్యమే చూస్తవా, రాళ్ళు గూడ చూస్తవా? ఇది గట్లనే" అనేటోడు. ఆ తర్వాత పాట. పాటల గూడ ఆయన వెతికేది ఒక్కటే, 'స' అన్నప్పుడు పండ్ల నడిమిట్లకెల్లి గాలి పోయే సన్నటి చప్పుడు. అది ఉన్నదంటే మనిషి ఉన్నడు, అది లేదంటే బొంత కప్పుకొని పాడినట్టే అని ఆయన లెక్క. ఆఖరికి టేపును తెల్ల గుడ్డ మీద రాసి చూసేటోడు. గుడ్డకు ఇటుక రంగు అంటితె ఆర్నెల్లల్ల టేపు ఖతమన్నట్టు. ఇంత పంచాయతి అయినంక జేబుల చెయ్యి పెడితె పాండురంగం ఊపిరి బిగబట్టుకొని చూసేటోడు, ఏ రంగు పోగు వస్తదోనని.

దీనికి పైసలు తీసుకుంటుండెనా అంటే, తీసుకోలేదు. ఒక చాయ్, ఒక మర్యాద. సాంచల కాడ ఆయన్ని ఎవడు పిలిచినా 'అరే మార్కండేయా'. చౌరస్తల పోస్టాఫీసు సార్లు, వకీళ్ళు గూడ 'మార్కండేయులు గారు'. ఆ 'గారు' కోసం వారమంతా ఎదురుచూసేటోడని ఆయన భార్య యాదవ్వకు తెల్సు. తెల్సుకొని నవ్వుకునేది, ఏమనకపోయేది.

ఆ చెవి ఆయనకు యాడికెల్లి వచ్చింది? వాళ్ళ బాపు గుంటమగ్గం నేసేటోడు. ఓ దొరవారి గడి సామాన్లు వేలం వేసిననాడు అందరు ఇత్తడి బిందెలు, మంచాలు పాడుకుంటె, ఆయన గ్రామఫోను పెట్టె పాడుకొని నెత్తిన పెట్టుకొని ఇంటికి వచ్చిండు. అవ్వ మూడు దినాలు పొయ్యి ముట్టియ్యలేదు. పెట్టెతోని వచ్చిన ప్లేట్లు నాలుగే. అండ్ల ఒకదాని మీద ఎర్ర కాయితం, కాయితం మీద 'మిస్ సరోజన, నర్సంపేట' అని అచ్చు. నాటకాలల్ల పాడే ఆమె. అడివిల ఒక్కతే చిక్కుకున్న తల్లి కొడుకును పిలిచే పాట. గుంటమగ్గం ఎంత చప్పుడు చేస్తది? టకటకమంటది, ఆగుతది. ఆ ఆగిన సందుల ఆ పాట వినుకుంట పెరిగిండు మార్కండేయులు. మూడో చరణంల పైకి పోయేముందు ఆమె ఊపిరి ఎక్కడ పీలుస్తదో, ఎక్కడ గొంతు జర వణుకుతదో, ఆఖర్ల హార్మోనియం ఆయన ఎట్ల తొందరపడ్తడో, అన్నీ ఆయనకు ఎరుకనే. అరవై తొమ్మిదిల ఇల్లు మారేటప్పుడు ఆ ప్లేటు జారి కిందపడి మూడు ముక్కలైంది. బాపు చనిపోయిననాడు గూడ అంత ఏడ్వలేదని అవ్వ ఎత్తిపొడిచేది. 

డెబ్బై రెండుల బాపు మగ్గం గుంటను పూడ్చి, మార్కండేయులు సాంచల మీదికి పోయిండు. ఏం చేస్తడు మరి, చెయ్యి మగ్గం మీద కడుపు నిండకపాయె. ఒక్క షెడ్డుల ఇరవై నాలుగు సాంచలు. పక్కోని చెవుల నోరు పెట్టి అరిస్తె గూడ వినరాదు. అండ్ల పొద్దటి సంది మాపటి దాంక. ఇంటికి వచ్చినంక గూడ గంట సేపు చెవుల్ల గుయ్యిమనేది. అందరికీ అనేది. గుయ్యిమంటే గుయ్యిమన్నది, పొద్దుగాలకు పోతది అనుకుందురు.

ఇగ అసలు ముచ్చటకు వస్త. డెబ్బై తొమ్మిదిల ఒక శుక్రవారం, పాండురంగం దుకాణం పక్క దర్జీ కాడికి ఓ ముసలమ్మ వచ్చింది. జాకెట్లకు హుక్కులు, కాజాలు కుట్టి తెచ్చిచ్చే ఆమె. దర్జీ లెక్క రాసుకుంట, "నీ పేరేందమ్మా?" అన్నడు. "సరోజన" అన్నది. "ఏ ఊరు?" "నర్సంపేట." అంతే. ముక్కాలిపీట మీద కూసున్న మార్కండేయులు లేచి, చెప్పులు గూడ తొడుక్కోకుంట ఉరికి పోయి, నడిబజార్ల ఆమె కాళ్ళు మొక్కిండు. ఆమె బెదిరిపోయి రెండడుగులు వెనక్కి పోయింది.

నాటకాల కంపెనీ ఎన్నడో మునిగిపోయిందట. మొగడు లేడు, పిల్లలు లేరు. గిర్మాజీపేటల రాజక్క అనే ఆమె ఇంట్ల ఒక్క అర్ర కిరాయికి తీసుకొని ఉన్నది. తన ప్లేట్లు తన దగ్గర ఒక్కటి గూడ లేవు. పస్తులున్నప్పుడు అమ్ముకున్నదట. నలభై ఏండ్లయింది తన పాట తాను వినక. శనివారం శనివారం గల్లీల భజనకు పోయి పాడుతది. అక్కడ గూడ ఈమె ఎవరో ఎవ్వలకూ తెల్వది. "తెల్వకపోతేంది కొడుకా, నాకు తెల్సుగదా" అన్నది నవ్వుకుంట. ఆనాటి సంది మార్కండేయులుకు ఆమె చిన్నమ్మ అయింది. పండుగకు చీర పెట్టిండు. పానం బాగలేకపోతె దవాఖానకు తోల్కపోయిండు. కన్నతల్లికి చేసినట్టే చేసిండు, అండ్ల అనుమానం లేదు.

ఎనభై మూడు చలికాలంల పాండురంగం మనిషిని కొత్తవాడకు తోలిండు, ఉన్నపళంగ రమ్మని. పోయి చూస్తె దుకాణంల హైదరాబాద్ కెల్లి ఒక చిన్న కంపెనీ ఆయన కూసున్నడు. పెట్టెల కేసెట్లు. పాత నాటకాల పాటలు, పన్నెండు రూపాయల రకం. రెండో దిక్కు మూడో పాట: మిస్ సరోజన, నర్సంపేట.

"మా ఇంజనీరు పదిహేను దినాలు కూసుండి ప్లేటు మీది గీతల చప్పుడు తీసిండు" అన్నడు కంపెనీ ఆయన. "వరంగల్ల రెండు వందలు పోతయంటే చెప్పుండ్రి. ఆమెవి ఇంకో నాలుగు పాటల ప్లేట్లు బెజవాడల ఒక పెద్దమనిషి కాడ ఉన్నయి. అన్నీ కలిపి, ఆమె ఫోటో వేసి, ఆమె పేరు మీదనే ఒక కేసెట్ తీస్తం."

చిన్నమ్మను పిలుచుకొచ్చిండ్రు. ఆమె కొంగు కప్పుకొని పీట మీద కూసున్నది.  పాండురంగం బిడ్డ శారద, డిగ్రీ చదివే పిల్ల, లోపలికెల్లి వచ్చి గుమ్మం కాడ నిలవడ్డది. మార్కండేయులు ఫ్యాను బంద్ చేపిచ్చిండు. చలికాలంల ఫ్యానేందని ఎవ్వలూ అనలేదు, అది ఆయన పద్ధతి. గోడ దిక్కు తిరిగిండు.

పాట మొదలైంది. చిన్నమ్మ నోట్లె కొంగు కుక్కుకున్నది. "నేనే… అగో, నేనే గదా ఇది" అన్నది. మూడో చరణానికి వచ్చేసరికి కండ్లపొంటి నీళ్ళు బొటబొట కారినయి. పాండురంగం మొఖం వెలిగిపోయింది. శారద లోపలికి పోవడం మర్చిపోయింది.

మార్కండేయులు మాత్రం పాట పొడుగూత వెతుకుతనే ఉన్నడు. ఊపిరి పీల్చిన చప్పుడు ఏది? 'స' ఏది? వణుకు ఏది? అంతా బొంత కింద ఉన్నట్టు, గోడ అవతల ఎవరో పాడినట్టు ఉన్నది. గీతలు తీసినోడు గొంతు గూడ తీస్తడని ఆయన ఎన్నటిసందో చెప్పే మాటనాయె. ఇగ అదే జరిగిందనుకున్నడు. కోపం తలకెక్కింది. వేరే ఎవరి పాటైనా తెల్ల పోగు కట్టి ఊకునేటోడేమో. ఇది చిన్నమ్మ పాట.

"చంపేసిండ్రు" అన్నడు.

అందరు ఆయన దిక్కు చూసిండ్రు. "ఇది మా చిన్నమ్మ గొంతు కాదు సారూ. పైదంతా కోసేసి అడుగుబొడుగు మిగిలిచ్చిండ్రు. ఈ టేపు బయటికి పోతె, ఈమె గింతేనా పాడింది అనుకుంటరు మంది. ఇది అమ్మొద్దు."

"నాకైతె మంచిగనే వినవడ్డది బిడ్డా" అన్నది చిన్నమ్మ మెల్లగ.

అప్పుడన్నడు ఆ మాట. ప్రేమతోటే అన్నడు, అదే పాడుగాను. "నీకు వయసు మీదపడ్డది చిన్నమ్మా. చెవులు మునుపటి లెక్క ఉండయి. నా మాట విను."

శారద ఏదో అనబోయింది. "నాన్నా, మంచిగనే ఉన్నది గద…" పాండురంగం కండ్లతోటే ఊకొమ్మన్నడు. ఆయనకు గూడ మంచిగనే వినవడ్డది. కాని అయిదేండ్ల సంది తప్పని చెవి తప్పుతదా? మనదే తప్పయి ఉంటది అనుకున్నడు. అందరు గట్లనే అనుకున్నరు. ఒక్క మనిషి చెవి మీద నమ్మకంతోని నలుగురు తమ చెవులను అబద్ధం చేసుకున్నరు. మార్కండేయులు జేబుల చెయ్యి పెట్టి నల్ల పోగు తీసి కట్టిండు. కంపెనీ ఆయన పెట్టె సర్దుకొని పోయిండు.

ఆ తర్వాత చిన్నమ్మ భజనకు పోవుడు బంద్ చేసింది. అడిగితె గొంతు బాగలేదన్నది. వయసాయె, అయితది అనుకున్నడు మార్కండేయులు. ఆ పాడు టేపు నుంచి చిన్నమ్మ పేరు కాపాడిన అని మనసుల కొంచెం గర్వం గూడ ఉండె ఆయనకు.

ఎనభై అయిదు వానకాలం. పోస్టాఫీసు సారు ఎర్ర పోగు కేసెట్ పట్టుకొని దుకాణానికి వచ్చిండు. "మార్కండేయులు గారూ, ఇది మూడోది. బుస్సుమని ఒకటే బుస. పాట వినవడ్తలేదు."

మార్కండేయులు పెట్టి విన్నడు. పాట సక్కగున్నది. గొంతు తేటగున్నది. "మీ మిషను ఖరాబైంది సారూ."

"మిషను కొత్తది."

"అయితె కొత్త మిషనే ఖరాబైంది!" గొంతు లేచింది. నోరు లేచింది. నా చెవినే తప్పు పడుతరా అని, నువ్వెంత చదువుకుంటే మాత్రం పాట సంగతి నీకేం తెల్సని, సారును నానా మాటలన్నడు. సారు పాపం మంచి మనిషి, నిలవడి విన్నడు. లోపలికెల్లి శారద వచ్చింది.

"కాకా" అన్నది. "బుస మస్తు వస్తాంది కాకా. ఈ ఒక్కదాంట్లనే కాదు."

మార్కండేయులు పాండురంగం దిక్కు తిరిగిండు. "సేటూ, నువ్వు చెప్పు." పాండురంగం తలకాయ వంచుకొని, తుడిచిన అద్దాన్నే మళ్ళ తుడుస్తాండు. ఎన్ని నెలల సంది కేసెట్లు తిరిగొస్తానయో, ఎన్నింటిని ఈయనకు తెల్వకుంట అల్మారి కింద దాచిండో అప్పుడు అర్థమైంది. చెప్పులేసుకొని ఇంటి తొవ్వ పట్టిండు.

ఇంటికి వచ్చేసరికి వాన వెలిసింది. పొద్దు గూకుతాంది. యాదవ్వ వాకిట్ల నీళ్ళు ఊడుస్తాంది. అరుగు మీద కూలబడి, "నా చెవికి ఏమైందే?" అన్నడు.

ఆమె చీపురు పట్టుకొని అట్లనే నిలవడ్డది. "ఇప్పుడు నీకు ఏం వినవడ్తాందయ్యా?"

"ఏమున్నది వినేటందుకు. వాన వెలిసింది. అంతా సప్పుడు లేకుంట ఉన్నది."

"కీచురాళ్ళు చెవులకు తూట్లు పడేటట్టు అరుస్తానయి" అన్నది యాదవ్వ. "నాలుగు వానకాలాలాయె, నీకు అవి వినవడక. నాకు ఎరుకనే."

"ఎరుకుండి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? సాంచల కాడ నువ్వు బతికేది కూలికి. చౌరస్తల బతికేది మనిషివై. అది గూడ పోగొట్టమంటవా నన్ను?" అని చీపురు పారేసి ఏడ్చింది.

పెద్ద దవాఖానల డాక్టరు అద్దాల అర్రల కూసుండబెట్టి, చెవులకు డొప్పలు పెట్టి, మీటలు నొక్కుకుంట, వినవడితె చెయ్యి ఎత్తు అన్నడు. మొదట చెయ్యి లేసింది. లేసింది. ఆ తర్వాత డాక్టరు నొక్కుతనే ఉన్నడు, చెయ్యి మోకాలు మీదనే ఉన్నది. అద్దం బయట నిలవడ్డ యాదవ్వ డాక్టరు వేలునే చూస్తాంది. "సాంచల మీద ఎన్నేండ్లు?" అన్నడు డాక్టరు. "పదమూడు." "లావు చప్పుడు వినవడ్తది. సన్నటి చప్పుళ్ళు మొత్తం పోయినయి. టేపు బుస గూడ నీకు రాదు, పైగ బుస ఉన్న టేపుల సన్నటి చప్పుడు పెంచి ఉంటది గనుక అదే నీకు తేటగ అనిపిస్తది. మంచి టేపు మొద్దుగ అనిపిస్తది. పోయింది పోయిందే, తిరిగి రాదు."

మంచి టేపు మొద్దుగ అనిపిస్తది. ఆ మాట కాడ మార్కండేయులు ఆగిపోయిండు. నాలుగు వానకాలాలు. చిన్నమ్మ టేపు విన్నది రెండేండ్ల కింద. లెక్క అక్కరలేదు, చిన్నపిల్లగానికైనా తెలుస్తది. దవాఖాన మెట్ల మీదనే కూసుండి నెత్తి కొట్టుకున్నడు. "చంపింది వాళ్ళు కాదే యాదవ్వా, నేను" అన్నడు.

వట్టి చేతులతోని చిన్నమ్మ మొఖం ఎట్ల చూస్తడు? టేపు తీసుకొనే పోవాలె అనుకున్నడు. పాండురంగాన్ని తోలుకొని హైదరాబాద్ పోయిండు. ఆ కంపెనీ ఆయన మర్యాదస్తుడే, కూసుండబెట్టి చాయ్ ఇచ్చిండు. కాని నర్సంపేట ఆమె పాట వరంగల్లనే వద్దన్నంక ఇంకెక్కడ పోతదని, తిరిగొచ్చిన కేసెట్లన్నిటినీ తుడిపేసి వేరే పాటలు ఎక్కిచ్చిండ్రట. కొత్త టేపుకు ఖర్చు పెట్టుకోలేని చిన్న కంపెనీ, ఏం చేస్తడాయన గూడ? అసలు టేపు మీద గూడ వేరేది ఎక్కిందట. ఆ పాట ప్లేటు గూడ బెజవాడ పెద్దమనిషిదేనట, ఆయన చనిపోతె ప్లేట్లన్నిటినీ కొడుకులు పాత సామాన్లోనికి వేసిండ్రట. మార్కండేయులు నర్సంపేట తిరిగిండు, పాలకుర్తి తిరిగిండు, పాత నాటకాలోళ్ళ ఇండ్లన్నీ తిరిగిండు. మూడు నెలలు తిరిగిండు. ఆమె గొంతు ఉన్న ముక్క ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఉన్నదాన్ని తన చేతులతోనే వాపస్ పంపిండాయె.

తిరుగుతుండంగనే రాజక్క కబురు పెట్టింది, సరోజనమ్మకు దమ్ము ఎక్కువైంది, ఊపిరి ఆడ్తలేదు, ఓసారి వచ్చి పొమ్మని. పొద్దున పది గంటలకు పోయిండు. గిర్మాజీపేట గల్లీల రిక్షాలు, బండ్లు, కూరగాయలోళ్ళ కేకలు. అర్రల మంచం మీద చిన్నమ్మ రెండు మెత్తలకు ఆనుకొని కూసున్నది. చిక్కి సగమైంది.

కాళ్ళ కాడ కూసున్నడు. "చిన్నమ్మా, తప్పయింది" అన్నడు. చెవులు పోయినోడు గదా, మాట గట్టిగ వచ్చింది. రాజక్క గడప కాడికి ఉరికొచ్చింది. దవాఖాన ముచ్చట, హైదరాబాద్ ముచ్చట, అంతా చెప్పిండు. దాచలేదు.

 చిన్నమ్మ, అతనికి వినవడాలెనని మంచం మీద ముందటికి వంగి అడిగింది.

"అయితె ఆ దినం నాకు మంచిగ వినవడ్డది నిజమేనా?"

"నిజమే చిన్నమ్మా. అందరికీ మంచిగనే వినవడ్డదట. నాకొక్కనికే."

ఆమె మొఖం ఎర్రవడ్డది. "రెండేండ్లు రా" అన్నది. "జనం వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని అరిచేటోళ్ళు నేను పాడితె. టేపుల విన్నప్పుడు ఆ పాటే విన్న అనుకున్న. నువ్వు కాదంటివి. అయితె నేను అనుకున్నంత మంచిగ ఎన్నడూ పాడలేదేమో, మంది ఊకెనే మెచ్చుకున్నరేమో అనుకున్న. నా బతుకుల నాది అని చెప్పుకునేది ఏమున్నది రా? ఇల్లా, పిల్లలా? అదొక్కటే ఉండె. అది గూడ లేదనుకొని రెండేండ్లు బతికిన. నోరు కట్టేసుకొని బతికిన."

మార్కండేయులు ఆమె కాళ్ళ మీద పడి, "కొట్టు చిన్నమ్మా" అన్నడు. ఆమె నిజంగనే కొట్టింది. బలం లేని చెయ్యితోని వీపు మీద రెండు దెబ్బలు వేసింది. వేసి, ఆ చెయ్యి అక్కడనే ఉంచింది. ఆ వీపు ఎగిరెగిరి పడుతాంది.

దమ్ము కొంచెం సదురుకున్నంక లేచి సక్కగ కూసున్నది. కొంగు సవరించుకున్నది. పాడింది. అడివిల తల్లి పాటనే, పైకి పోయే మూడో చరణం, దమ్ము చాలక సన్నటి గొంతుతోని. రాజక్క వద్దు అత్తా, దమ్ము లేస్తది అంటనే ఉన్నది, ఆమె ఆగలేదు. మార్కండేయులు ఆమె పెదవులు చూసిండు. గొంతు మీది నరం చూసిండు. గల్లీల బండ్ల చప్పుడు తప్ప ఆయన చెవులకు ఏం రాలేదు.

"ఎట్లున్నది కొడుకా?" అన్నది ముందటికి వంగి, గట్టిగ. ఆ ఒక్క మాటకు జవాబు కోసం ఆమె కండ్లు ఆయన మొఖాన్ని పట్టుకొని వేలాడుతానయి. వెనుక కెల్లి రాజక్క, బాగున్నదని చెప్పు, చెప్పు అని చేతులతోని సైగ చేస్తాంది. చెప్పుదామనే నోరు తెరిచిండు. వినని పాటను బాగున్నదని జిందగీల ఎన్నడూ చెప్పలేదు ఆయన. విన్న పాటనే తప్పు చెప్పి ఇంత చేసిండు. ఇంకో అబద్ధం ఈమెకు ఎట్ల చెప్తడు?

"వినవడలేదు చిన్నమ్మా" అన్నడు.

ఆమె గుస్స చేయలేదు. రెండు చేతులతోని ఆయన తలకాయ పట్టుకొని దగ్గరికి గుంజి, చెవిని తన గొంతుకు ఆనిచ్చుకున్నది. మళ్ళ మొదటికెల్లి ఎత్తుకున్నది. పాట అయిపోయిందాంక మార్కండేయులు అట్లనే వంగి ఉన్నడు. దమ్ము గురగుర తప్ప ఆయనకు ఇంకేం వినవడలేదు. రాజక్క మాత్రం గడప కాడ కూలబడి, నోట్లె కొంగు కుక్కుకొని ఏడ్చింది, ఎందుకంటె ఆ ముసలామె గొంతు సన్నగ, ఎక్కడా తొణక్కుంట, పై దాంక పోయి వచ్చింది.